ఈస్టర్: పుట్టుక, తేదీ, ఆచరణలపై క్రైస్తవుల్లో వాదాలు

యేసుక్రీస్తు మరణాన్ని జయించి లేచాడన్న విశ్వాసం చుట్టూ ఏర్పడిన పండుగ ఈస్టర్. తెలుగు సంఘాల్లో దీన్ని పునరుత్థాన పండుగ అని కూడా అంటారు. క్రైస్తవుల సాంవత్సరిక పండుగల్లో అన్నిటికన్నా పాతది ఇదే. క్రిస్మస్ ఆచరణకు గట్టి ఆధారం నాలుగో శతాబ్దంలో గాని దొరకదు. ఈస్టర్ గురించి రెండో శతాబ్దంలోనే బిషప్పులు ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాలు కూడా తగవులాటతోనే మొదలవుతాయి. పండుగ ఏ రోజున చేయాలి, ఆ రోజును నిర్ణయించే హక్కు ఎవరిది, బైబిలు ఆజ్ఞాపించని పండుగను చేయడం తగునా, దాని మూలం యూదుల పస్కాలో ఉందా లేక అన్యమతాల్లో ఉందా అన్న ప్రశ్నలు పద్దెనిమిది వందల ఏళ్లుగా క్రైస్తవులను విడదీస్తూ వచ్చాయి. పైకి తేదీ తగాదాగా కనబడినవాటిలో చాలావరకు లోపల అధికారం గురించిన తగాదాలే. ఎంత తేడా ఉన్నా ఒకే బల్ల దగ్గర కూర్చోగలమా అన్నదే ప్రతి తరమూ ఎదుర్కొన్న అసలు పరీక్ష.

సువార్తల్లోని రెండు లెక్కలు

మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం పస్కా విందే. యోహాను చెప్పే క్రమం వేరు. అక్కడ యేసును పిలాతు దగ్గరకు తెచ్చిన యూదులు ఇంకా పస్కా తినలేదు. మైలపడితే తినే వీలుండదని అధికారమందిరంలోకి అడుగుపెట్టరు. అంటే దేవాలయంలో పస్కా గొర్రెపిల్లలను వధించే రోజునే యేసు సిలువ మీద మరణించాడు. మొదటి లెక్కన మరణం యూదుల నీసాను నెల 15న, రెండో లెక్కన 14న. ఆ రోజు శుక్రవారమనీ, సమాధి ఖాళీగా కనబడింది ఆదివారం తెల్లవారేసరికనీ నాలుగు సువార్తలూ ఏకీభవిస్తాయి. ఆ శుక్రవారం క్రీ.శ. 30 ఏప్రిల్ 7 గాని, 33 ఏప్రిల్ 3 గాని అయి ఉంటుందని ఎక్కువమంది పండితుల అంచనా.

ఈ రెండు కథనాలనూ కలపడానికి చేసిన ప్రయత్నాల్లో ఫ్రెంచి పండితురాలు అన్నీ జోబేర్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రసిద్ధం. కుమ్రానులోని యూదు సమాజం పాటించిన 364 రోజుల సౌర పంచాంగం ప్రకారం యేసు మంగళవారం రాత్రే పస్కా భోజనం చేశాడని ఆమె వాదన. మూడో శతాబ్దపు సిరియా గ్రంథం డిడస్కాలియా కూడా ఆ భోజనాన్ని మంగళవారానికే ఆపాదిస్తుంది. 2007లో పోప్ బెనెడిక్ట్ 16 తన పెద్ద గురువారం ప్రసంగంలో కుమ్రాను పంచాంగపు ఊహను ఆదరంగా ప్రస్తావించారు. అయినా పండితుల్లో ఎక్కువమంది దీన్ని అంగీకరించలేదు. యేసు కుమ్రాను పంచాంగాన్ని అనుసరించాడనడానికి సువార్తల్లో వేరే ఆనవాలు ఏదీ లేదు. మత్తయి 12వ అధ్యాయంలోని మూడు పగళ్లు, మూడు రాత్రుల మాటను అక్షరాలా తీసుకుని సిలువ మరణం బుధవారం జరిగిందనే వర్గాలు ఇప్పటికీ ఉన్నాయి. రోజులో కొంత భాగాన్నైనా పూర్తి రోజుగా లెక్కించే యూదుల వాడుకను గుర్తుపెట్టుకుంటే శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులు సరిపోతాయి.

సాంవత్సరిక పండుగ గురించి కొత్త నిబంధనలో ఆజ్ఞ లేదు. పౌలు మొదటి కొరింథీ పత్రికలో క్రీస్తును వధింపబడిన పస్కాగా చెప్పి, పాత పులిపిండిని వదిలి పండుగ ఆచరిద్దామంటాడు. అది ఏటేటా జరిగే పండుగో, విశ్వాసి జీవితమంతటికీ వేసిన రూపకమో తేల్చడం కష్టం. గలతీ పత్రికలో దినాలనూ మాసాలనూ పాటించడాన్ని తప్పుపట్టిన పౌలే, రోమా పత్రికలో ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచేవాడిని గానీ ఎంచనివాడిని గానీ నిందించవద్దన్నాడు. తర్వాతి కాలంలో పండుగ కావాలన్నవారూ వద్దన్నవారూ ఈ వాక్యాలనే చేతబట్టుకున్నారు.

పద్నాలుగో రోజు వాదం

రెండో శతాబ్దంలో ఆసియా మైనరు సంఘాలు, అంటే ఇప్పటి పశ్చిమ తుర్కియేలోని ఎఫెసు, స్ముర్న, సార్దీస్ వంటి పట్టణాల క్రైస్తవులు, నీసాను 14నే క్రైస్తవ పస్కా ఆచరించేవారు. అది ఏ వారమైనా సరే. రోములోనూ, అలెగ్జాండ్రియాలోనూ, పాలస్తీనాలోని ముఖ్య సంఘాల్లోనూ ఆ తర్వాతి ఆదివారం దాకా ఉపవాసం ఉండి, ఆదివారం నాడే విరమించేవారు. మొదటివారికి లాటిన్‌లో పద్నాలుగును సూచించే మాటతో క్వార్టోడెసిమన్లు అనే పేరు స్థిరపడింది.

155 ప్రాంతంలో స్ముర్న బిషప్ పోలికార్పు వయసు మీరిన దశలో రోముకు వెళ్లి అక్కడి బిషప్ అనిసెటస్‌ను కలిశాడు. అపొస్తలుడైన యోహానుతోనూ ఇతర అపొస్తలులతోనూ కలిసి తాను 14నే ఆచరించానని పోలికార్పు, తనకు ముందున్న పెద్దల వాడుకను తాను విడువలేనని అనిసెటస్ చెప్పుకున్నారు. ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. అయినా అనిసెటస్ తన సంఘంలో ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని జరిపించే గౌరవాన్ని పోలికార్పుకే ఇచ్చాడు. ఇద్దరూ సమాధానంతో విడిపోయారు. ఈ వాదం మొత్తంలో ఇంతకన్నా గొప్ప ఘట్టం మరొకటి లేదు. దాన్ని మనకు అందించినది లియోన్ బిషప్ ఇరేనియస్ రాసిన లేఖ. ఆ లేఖలోని భాగాలను నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ తన సంఘ చరిత్ర అయిదో పుస్తకంలో భద్రపరచాడు.

190 ప్రాంతానికి పరిస్థితి మారింది. రోము బిషప్ విక్టర్ కాలంలో పలు ప్రాంతాల బిషప్పులు సభలు జరిపి ఆదివారమే సరైనదని తీర్మానించారు. ఎఫెసు బిషప్ పాలిక్రాటిస్ మాత్రం ఒప్పుకోలేదు. తమ ప్రాంతంలో నిద్రించిన ఫిలిప్పు, యోహాను, పోలికార్పు, మెలిటో మొదలైనవారి పేర్లన్నీ ఏకరువు పెట్టి, వాళ్లందరూ 14నే పాటించారని రోముకు జవాబు రాశాడు. తన బంధువుల్లో ఏడుగురు బిషప్పులనీ, తాను ఎనిమిదో వాడిననీ, ప్రభువులో 65 ఏళ్లు గడిపిన తాను బెదిరింపులకు జడవననీ అన్నాడు. విక్టర్ ఆసియా సంఘాలన్నిటినీ సహవాసం నుంచి వెలివేయడానికి పూనుకున్నాడు.

అప్పుడు ఇరేనియస్ అడ్డుపడ్డాడు. ఆయన మాటకు బరువు ఎందుకు వచ్చిందో చూడాలి. పుట్టింది ఆసియా మైనరులో. చిన్నతనంలో పోలికార్పు బోధ విన్నాడు. బిషప్పుగా పనిచేసింది పశ్చిమాన, గాల్ దేశంలో, ఆచరించింది ఆదివారమే. తన పక్షం గెలవాలని కాక, ఓడిపోయే పక్షం సంఘంలోనే మిగలాలని ఆయన కోరుకున్నాడు. ఉపవాసం కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, కొందరు నలభై గంటలు చేస్తున్నారనీ, ఈ తేడాలు నిన్నమొన్న పుట్టినవి కావనీ, ఆచారంలో తేడా ఉన్నా కలిసి ఉండగలగడమే విశ్వాసంలో ఒకటిగా ఉన్నామనడానికి రుజువనీ విక్టర్‌కు నచ్చజెప్పాడు. మరికొందరు బిషప్పులూ విక్టర్‌ను గట్టిగానే మందలించారు. రోము నగరంలోనే స్థిరపడిన ఆసియా క్రైస్తవులు 14నే పాటిస్తూ ఉండడం వల్ల విక్టర్‌కు తన సొంత సంఘంలో తలెత్తిన చీలికే ఈ కఠినత్వానికి కారణమని కొందరు చరిత్రకారులు భావిస్తారు. కారణం ఏదైనా, దూరాన ఉన్న సంఘాలను ఒక ఆచారం కోసం వెలివేయవచ్చనే ఆలోచన అప్పుడే తలెత్తింది.

ఏది ముందు?

ఈ రెండు ఆచారాల్లో ఏది పాతది? ఇరేనియస్ లేఖలో ఒక చిక్కుముడి ఉంది. విక్టర్‌కు ముందున్న రోము పెద్దలను, బిషప్ సోటర్ కంటే ముందటివారిని పేర్కొంటూ, వారు ఆచరించలేదు అంటాడు. దేన్ని ఆచరించలేదో చెప్పడు. నీసాను 14ను ఆచరించలేదన్నది సంప్రదాయ వ్యాఖ్యానం. జర్మన్ పండితుడు కార్ల్ హోల్ మరో అర్థం తీశాడు: సోటర్ కాలం దాకా, అంటే 165 ప్రాంతం దాకా, రోములో సాంవత్సరిక ఈస్టరే లేదు, వారం వారం ఆదివారం నాడు పునరుత్థానాన్ని తలచుకోవడంతోనే సరిపెట్టుకునేవారు. ఈ వ్యాఖ్యానాన్ని ఇటీవలి పరిశోధకుల్లో చాలామంది ఆదరిస్తున్నారు. అది నిజమైతే పద్నాలుగో రోజు ఆచారమే పాతది, ఆదివారపు ఈస్టర్ దాన్ని సవరించి తెచ్చుకున్నది.

ఆ పాత పండుగలో ఏముండేదో సార్దీస్ బిషప్ మెలిటో రాసిన పస్కా ప్రసంగం చూపిస్తుంది. చాలాకాలం పేరుకే తెలిసిన ఆ గ్రంథం పపైరస్ ప్రతిలో దొరికి 1940లో అచ్చయింది. నిర్గమకాండం 12వ అధ్యాయం చదివి, ఐగుప్తులో వధించిన గొర్రెపిల్లకూ క్రీస్తుకూ ఉన్న సంబంధాన్ని అందులో వివరిస్తారు. మరణం, పునరుత్థానం అని రెండు రోజుల కింద విడదీయకుండా ఆ ఒక్క రాత్రిలోనే విమోచన కథ మొత్తం చెప్పుకునేవారు. శుభ శుక్రవారాన్నీ ఈస్టర్ ఆదివారాన్నీ వేరువేరుగా జరుపుకోవడం తర్వాతి పరిణామం. బాధ కలిగించే సంగతి కూడా అందులోనే ఉంది. యూదుల తేదీనే పాటించిన మెలిటో, దేవుణ్ణి చంపారన్న నేరాన్ని ఇశ్రాయేలు ప్రజల మీద మోపినవారిలో మొట్టమొదటివాడు.

నైసియా సభ, యూదులకు దూరం

మూడో శతాబ్దం ముగిసేసరికి ఆదివారం పక్షమే దాదాపు గెలిచింది. కొత్త తగువు, ఏ ఆదివారం అన్నది. అంతియొకయ మొదలైన తూర్పు సంఘాల్లో చాలావరకు యూదులు పస్కా ఎప్పుడని ప్రకటిస్తే ఆ తర్వాతి ఆదివారం పాటించేవి. అలెగ్జాండ్రియా వారు తమ సొంత గణితంతో, వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమిని లెక్కగట్టేవారు. యూదుల పస్కా కొన్ని ఏళ్లలో విషువత్తుకు ముందే వచ్చేస్తోందని వారి అభ్యంతరం.

325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించిన నైసియా సభ అందరూ ఒకే రోజున, రోమూ అలెగ్జాండ్రియా పాటించే రోజున, పండుగ చేయాలని నిర్ణయించింది. వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం అనే సూత్రాన్ని నైసియా శాసనంగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి గానీ, ఆ సభ చేసిన 20 నియమాల్లో అలాంటి వాక్యం లేదు. మనకు దొరికేవి సభ పంపిన లేఖ, చక్రవర్తి లేఖ. చక్రవర్తి లేఖ ఒక ప్రజను మొత్తంగా దూషిస్తుంది. పవిత్రమైన పండుగకు యూదుల లెక్కను అనుసరించడం క్రైస్తవులకు తగదని, వారితో ఉమ్మడిగా ఏదీ ఉండరాదని అంటుంది. గణిత సమస్యకు పరిష్కారం వెతుకుతూ మొదలైన చర్చ, క్రైస్తవానికి మూలమైన మతాన్ని తోసిపుచ్చే ప్రకటనతో ముగిసింది. 341 నాటిదిగా చెప్పే అంతియొకయ సభ మొదటి నియమం యూదులతోపాటు ఈస్టర్ చేసే గురువులను పదవి నుంచి తొలగించాలని ఆదేశించింది.

అయినా సామాన్య విశ్వాసులు పాత అలవాటును వెంటనే వదల్లేదు. 387 ప్రాంతంలో కూడా యోహాను క్రిసోస్తొమ్ అంతియొకయలో వారిని మందలిస్తూ ప్రసంగించవలసి వచ్చింది. తేదీని అక్షరం తప్పకుండా పాటించడం కన్నా సంఘంతో ఏకంగా ఉండడమే ముఖ్యమన్నది ఆయన వాదం. అదే మాటతో వారిని వారి దారిన వదిలేయవచ్చు కదా అన్న ప్రశ్నకు ఆయన ప్రసంగంలో జవాబు లేదు. దానికి సూటిగా బదులిచ్చింది 439 ప్రాంతంలో రాసిన చరిత్రకారుడు సోక్రటీస్. అపొస్తలుల ఉద్దేశం పండుగ రోజులకు చట్టాలు చేయడం కాదనీ, ప్రతి ప్రాంతమూ తన వాడుక ప్రకారం ఈస్టర్‌ను ఏర్పరచుకుందనీ ఆయన తేల్చాడు. ప్రాచీన రచయితల్లో ఇంత నిబ్బరంగా ఈ విషయాన్ని చూసినవాళ్లు తక్కువ.

లెక్కల వ్యవహారం

చాంద్రమానాన్ని సౌరమానంతో కలపడమే ఇక్కడి కష్టం. 19 సౌర సంవత్సరాల్లో దాదాపు కచ్చితంగా 235 చాంద్రమాసాలు పడతాయి. అంటే 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేయాలి. అధికమాసం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ లెక్క కొత్తదేమీ కాదు. అలెగ్జాండ్రియా వారు ఈ 19 ఏళ్ల చక్రాన్ని పట్టుకున్నారు. రోము చాలాకాలం 84 ఏళ్ల చక్రంతో సాగింది. అందుకే నైసియా తర్వాత కూడా కొన్ని ఏళ్లలో రెండు చోట్లా వేరువేరు తేదీలు వచ్చాయి.

అలెగ్జాండ్రియా బిషప్పు ఏటేటా పండుగ తేదీ తెలిపే లేఖను సంఘాలకు పంపేవాడు. 367లో అథనాసియస్ పంపిన అలాంటి లేఖలోనే ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక మొదటిసారి పూర్తిగా కనిపిస్తుంది. 525లో రోములో డయొనీసియస్ ఎగ్జిగస్ అలెగ్జాండ్రియా పద్ధతిలో ఈస్టర్ పట్టిక తయారుచేస్తూ, క్రైస్తవులను హింసించిన చక్రవర్తి డయోక్లీషియన్ పేరుతో ఏళ్లు లెక్కించడం ఇష్టంలేక, క్రీస్తు అవతారం నుంచి లెక్కించాడు. ఈ రోజు లోకమంతా వాడుతున్న క్రీస్తు శకం అలా ఈస్టర్ లెక్కల పక్కన పుట్టింది.

బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో పాత 84 ఏళ్ల చక్రం నిలిచిపోయింది. నార్తంబ్రియా రాజు ఓస్వియు ఐర్లండ్ సన్యాసుల పద్ధతిలో, రాణి ఈన్‌ఫ్లెడ్ రోము పద్ధతిలో పెరిగినవారు. రాజు ఈస్టర్ విందు చేస్తుంటే రాణి ఇంకా మట్టల ఆదివారపు ఉపవాసంలో ఉండేదని చరిత్రకారుడు బీడ్ రాశాడు. 664లో హిల్డా అధిపతురాలిగా ఉన్న విట్బీ మఠంలో సభ జరిగింది. ఐర్లండ్ పక్షాన కొల్మన్ తన పెద్దలనూ యోహానునూ, రోము పక్షాన విల్‌ఫ్రిడ్ పేతురునూ లోకమంతటా ఉన్న సంఘాన్నీ సాక్ష్యంగా తెచ్చారు. పరలోకపు తాళపుచెవులు పేతురు చేతిలో ఉన్నాయని ఇద్దరూ ఒప్పుకోవడంతో రాజు రోము పక్షం వహించాడు. నక్షత్ర గణితం ఎవరిది సరైనదని ఆ సభ తేల్చలేదు. ఎవరి మాట వినాలో తేల్చింది. కొల్మన్ తన అనుచరులతో వెళ్లిపోయాడు. ఐర్లండ్ పద్ధతినే పాటించిన అయోనా మఠం 716లో గాని కొత్త లెక్కకు మారలేదు. ఈ ఐర్లండ్ పక్షాన్ని ప్రత్యర్థులు క్వార్టోడెసిమన్లని నిందించారు. ఆ నింద తప్పు. వారు ఎప్పుడూ ఆదివారమే పాటించారు. చంద్రుని 14వ రోజు ఆదివారమైతే అదే రోజున చేసేవారు, రోము వారు మరో వారం ఆగేవారు.

1582, ఆ తర్వాత

జూలియన్ పంచాంగం సంవత్సరాన్ని కాస్త పొడుగ్గా లెక్కించడంతో పదహారో శతాబ్దానికి వసంత విషువత్తు మార్చి 21 నుంచి 11కి జరిగింది. పోప్ గ్రెగరీ 13 ఆదేశం మీద 1582 అక్టోబరు 4 మరుసటి రోజును 15గా లెక్కించారు. లూయీజీ లీలియో రూపొందించి క్లావియస్ సమర్థించిన ఈ సంస్కరణకు ముఖ్య ప్రేరణ ఈస్టరే. కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ జెరెమియాస్ 2 దాన్ని తిరస్కరించాడు. ప్రొటెస్టెంటు దేశాలూ పోపు ఆజ్ఞగా చూసి దూరంగా ఉండిపోయాయి. జర్మన్ ప్రొటెస్టెంటు రాజ్యాలు 1700లో కొత్త పంచాంగానికి మారాయి గానీ ఈస్టర్‌ను నేరుగా ఖగోళ గణితంతో కట్టాయి. ఫలితంగా 1724లో వారి ఈస్టర్ ఏప్రిల్ 9న, కథోలికులది 16న వచ్చింది. లైప్‌జిగ్‌లో బాఖ్ తన యోహాను శ్రమల సంగీతాన్ని మొదటిసారి వినిపించిన శుభ శుక్రవారం ఆ ఏడాది ఏప్రిల్ 7. బ్రిటన్ 1752లో మారింది.

ఆర్థొడాక్సు సంఘాలు ఎక్కువగా ఈనాటికీ జూలియన్ లెక్కనే ఈస్టర్ చేస్తాయి. ఫిన్లండ్ ఆర్థొడాక్సు సంఘం మినహాయింపు. పశ్చిమ ఈస్టర్ మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య వస్తుంది. ఆర్థొడాక్సు ఈస్టర్ ఇప్పటి లెక్కన ఏప్రిల్ 4, మే 8 మధ్య వస్తుంది. 2024లో యూదుల పంచాంగంలో అధికమాసం వచ్చి పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. పశ్చిమ ఈస్టర్ అంతకు మూడు వారాల ముందే మార్చి 31న అయిపోయింది, ఆర్థొడాక్సు ఈస్టర్ మే 5న జరిగింది. యూదుల పస్కా ముగిశాకే ఈస్టర్ రావాలని నైసియా శాసించిందని ఆర్థొడాక్సు లోకంలో బలమైన నమ్మకం ఉంది. పన్నెండో శతాబ్దపు వ్యాఖ్యాత జొనారస్ అలా వివరించాడు గానీ, నైసియా ఉద్దేశం యూదుల లెక్కతో ముడి తెంచుకోవడమే అని ఇప్పటి పండితుల అభిప్రాయం.

అసలు ఆచరించాలా?

మతసంస్కరణ తేదీ తగాదాను పక్కన పెట్టి మరింత లోతైన ప్రశ్న వేసింది. లూథర్ ఈస్టర్‌ను ఉంచాడు. అది ఏటా అటూ ఇటూ జరగడమే ఆయనకు నచ్చలేదు. 1566 నాటి రెండో హెల్వెటిక్ విశ్వాస ప్రకటన క్రైస్తవ స్వేచ్ఛ కింద సంఘాలు పునరుత్థానం వంటి రోజులను పాటిస్తే మెచ్చుకుంది. స్కాట్లండ్ సంఘం ఆ ప్రకటనను ఆమోదించింది గానీ ఈ ఒక్క అంశాన్ని మాత్రం ఒప్పుకోలేదు. 1618లో రాజు జేమ్స్ ఒత్తిడితో వచ్చిన పెర్త్ నియమాలు ఈస్టర్ తదితర పండుగలను మళ్లీ రుద్దాయి. 1638 గ్లాస్గో మహాసభ వాటిని కొట్టేసింది. 1645 వెస్ట్‌మినిస్టర్ ఆరాధన క్రమం లేఖనాల్లో ఆధారంలేని పండుగలు కొనసాగరాదంది. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్‌తోపాటు ఈస్టర్‌నూ రద్దు చేసింది. 1660లో రాచరికంతోపాటు పండుగలూ తిరిగొచ్చాయి.

ఇలా పండుగలు వద్దన్న ప్యూరిటన్ల వాదాన్ని చాదస్తంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే అయినప్పుడు ఏడాదికి ఒక ఆదివారాన్ని పెద్దది చేస్తే మిగతా యాభై ఒకటి చిన్నవైపోవా అన్నది వారి మనసులోని ఆందోళన. దేవుడు అడగనిదాన్ని మనిషి మీద మోపకూడదన్న నిష్ఠ అందులో ఉంది. ఆ నిష్ఠే చట్టమై, పండుగ చేసుకోవాలనుకున్నవాణ్ణి శిక్షించడం మొదలుపెట్టినప్పుడు విక్టర్ దారిలోనే నడిచింది.

అన్యమత మూలం అన్న ఆరోపణ

ఈస్టర్ అసలు బబులోను దేవత ఇష్తార్ పండుగ అన్న మాట తెలుగు ప్రసంగాల్లోనూ వినబడుతోంది. దీనికి ప్రచారం కల్పించింది స్కాట్లండ్ బోధకుడు అలెగ్జాండర్ హిస్లప్. 1853లో చిన్న పుస్తకంగా వచ్చి 1858లో పెరిగిన ఆయన రచన కథోలిక ఆచారాలన్నిటినీ బబులోనుకు అంటగడుతుంది. ఇష్తార్, ఈస్టర్ అన్న పోలిక ఇంగ్లీషు ఉచ్చారణలో తప్ప నిలవదు. ఈ పండుగకు గ్రీకు, లాటిన్, సిరియాక్, రష్యన్, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో ఉన్న పేర్లు పస్కా నుంచి వచ్చినవే. ఇంగ్లీషు భాష పుట్టకముందే, ఇంగ్లీషు ఎరుగని ఆసియా మైనరులో పండుగ ఉంది.

పేరు విషయంలో మాత్రం వాస్తవమైన ప్రశ్న ఒకటుంది. బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథంలో, ఇంగ్లీషువాళ్లు ఏప్రిల్ ప్రాంతపు నెలను ఎయోస్త్రె అనే దేవత పేరుతో పిలిచేవారనీ, ఆ నెల పేరే పండుగకు వచ్చిందనీ అంటాడు. ఆ దేవత ప్రస్తావన మరే ప్రాచీన గ్రంథంలోనూ లేదు. జాకబ్ గ్రిమ్ 1835లో జర్మనీలోనూ ఆమెకు జోడుగా ఓస్తార అనే దేవత ఉండాలని ఊహించాడు. బీడ్ కల్పించాడని కొందరు అనుమానించారు గానీ, 1958లో జర్మనీలోని మోర్కెన్-హార్ఫ్ దగ్గర అలాంటి పేరున్న మాతృదేవతలకు అంకితమైన రోమన్ కాలపు శాసనాలు 150కి పైగా బయటపడడంతో ఆ అనుమానం కొంత తగ్గింది. నెల పేరులో దేవత ఉన్నంత మాత్రాన పండుగ ఆ దేవతది అయిపోదు.

గుడ్ల సంగతి ఇంకా సరళం. శ్రమల దినాల ఉపవాసంలో గుడ్లు నిషిద్ధం. నలభై రోజులు కోళ్లు పెట్టడం మానవు. పండుగనాటికి గుడ్లు మిగిలి ఉండేవి, వాటిని ఉడికించి రంగులు వేసి పంచేవారు. కుందేలు జర్మన్ ప్రాంతాల జానపద ఆచారంగా పదిహేడో శతాబ్దంలోనే రాతల్లో కనిపిస్తుంది. ఇవి పండుగకు తోడైనవి, దాని వేర్లు కావు.

తెలుగు సంఘాల్లో

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్, 1841లో మచిలీపట్నంలో మొదలైన చర్చి మిషన్, 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు, కథోలిక మిషన్లు అన్నీ పశ్చిమ సంఘాలవే కాబట్టి తెలుగునాట గ్రెగోరియన్ తేదీయే నిలిచింది. తేదీ తగువు ఇక్కడికి రాలేదు. ఆచరించాలా వద్దా అన్న తగువు వచ్చింది. దక్షిణ ఇండియా సంఘం, లూథరన్, కథోలిక సంఘాల్లో భస్మ బుధవారం, మట్టల ఆదివారం, శుక్రవారం సిలువలోని ఏడు మాటల ధ్యానం, ఆదివారం తెల్లవారుజామున ఆరాధన క్రమంగా సాగుతాయి. చాలా ఊళ్లలో సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసి పూలు పెట్టిన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. సమాధుల మధ్య తెల్లవారు ఆరాధనను 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్ యువకులు మొదలుపెట్టారు. అక్కడి నుంచి ప్రొటెస్టెంటు లోకంలో వ్యాపించింది.

1836 నుంచి గోదావరి డెల్టాలో వేరూనిన బ్రదరన్ సహవాసాలకు వారం వారం రొట్టె విరవడమే పునరుత్థాన స్మరణ. క్రీస్తు సంఘాల సంప్రదాయం కూడా సాంవత్సరిక పండుగకు లేఖనాధారం లేదంటుంది. ఒకే కుటుంబంలో తల్లి తెల్లవారుజామున సమాధుల తోటకు వెళితే కొడుకు అది ఆచారభక్తి అని ఇంట్లో ఉండిపోవడం ఇక్కడ అరుదు కాదు. యెహోవాసాక్షులు ఈస్టర్‌ను తోసిపుచ్చి, ఏడాదికి ఒకసారి నీసాను 14 రాత్రి క్రీస్తు మరణ జ్ఞాపకార్థం కూడుకుంటారు. సిద్ధాంతంలో వారికీ పాలిక్రాటిస్‌కూ చాలా దూరం ఉన్నా, ఎంచుకున్న తేదీ మాత్రం ఆయనదే.

ఉమ్మడి తేదీ కోసం

1923లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన ఆర్థొడాక్సు ప్రతినిధులు యెరూషలేము రేఖాంశం వద్ద ఖగోళ గణితంతో ఈస్టర్ కట్టాలన్నారు, అమలు కాలేదు. 1928లో బ్రిటన్ పార్లమెంటు ఏప్రిల్ రెండో శనివారం తర్వాతి ఆదివారాన్ని స్థిరం చేస్తూ చట్టం చేసింది. సంఘాల సమ్మతి కోసం ఆగి అదీ అమల్లోకి రాలేదు. ఇతర సంఘాలు ఒప్పుకుంటే స్థిరమైన ఆదివారానికి తమకు అభ్యంతరం లేదని రెండో వాటికన్ మహాసభ 1963లో ప్రకటించింది. 1997లో సిరియాలోని అలెప్పోలో ప్రపంచ సంఘాల మండలి ఏర్పాటు చేసిన సమావేశం నైసియా సూత్రాన్నే నిలిపి, విషువత్తునూ పౌర్ణమినీ యెరూషలేము ప్రమాణంగా ఆధునిక ఖగోళశాస్త్రంతో లెక్కిద్దామని కోరింది. ఆ లెక్కతో ఆర్థొడాక్సు సంఘాలే తమ తేదీని ఎక్కువగా మార్చుకోవలసి వస్తుంది. పంచాంగ మార్పు పేరిట 1920లలోనే చీలికలు చూసిన ఆ సంఘాలు మరో చీలికకు భయపడుతున్నాయి.

నైసియా సభకు 1700 ఏళ్లు నిండిన 2025లో రెండు లెక్కలూ ఏప్రిల్ 20న కలిశాయి. 2026లో పశ్చిమ ఈస్టర్ ఏప్రిల్ 5, ఆర్థొడాక్సు ఈస్టర్ ఏప్రిల్ 12. 2027లో మార్చి 28, మే 2గా దూరమై, 2028లో మళ్లీ ఏప్రిల్ 16న కలుస్తాయి. రెండు పంచాంగాల మధ్య ఇప్పుడున్న 13 రోజుల తేడా 2100లో 14 రోజులవుతుంది.